సంఘపు కంప్యూటరు యంత్రమును మార్చి, లోని ఆపరేటింగు సిస్టమును నిలుపుకొను విధము



ఈ నడుమ మాకు వచ్చుచున్న ప్రశ్నలలో నొకటి మాటిమాటికి వినవచ్చుచున్నది. "సంఘపు కంప్యూటరు ముసలిదైనది. ఒక పద్దు తెఱచుటకు పావుగంట పట్టుచున్నది. యంత్రమును మార్చుదమన్న, లోపలి ఏర్పాటంతయు పోవునేమో యని భయము. ఆ ఏర్పాటు నట్లే యుంచి యంత్రమును మాత్రము మార్చుకొన వీలగునా?" అని కార్యదర్శులు అడుగుచున్నారు. సభ్యులైన రైతులు అడుగునది వేఱు: "మా ఖాతాలకు భద్రమేనా?" ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ముందుగా క్లుప్తముగా చెప్పుదుము. వీలగును, అయితే నాలుగు షరతులు కలవు. మొదటిది, నకలు. రెండవది, హక్కు. మూడవది, పొందిక. నాలుగవది, ఆ పాత సిస్టమునకు ఆయువు మిగిలియుండుట. ఈ నాలుగింటిని వరుసగా వివరింతుము.

ఆపరేటింగు సిస్టమనగా నేమి

మోటారు, పంపుసెట్టు రైతునకు తెలియనివి కావు. పాత ఆయిలు ఇంజనును తీసి విద్యుత్తు మోటారును అమర్చుకొన్నవారు మనలో ననేకులు కలరు. పంపు పాతదే, గొట్టములు పాతవే, బోదె పాతదే. మోటారు మాత్రము కొత్తది. అయినను దిమ్మెమీది బోల్టుల ఎడము సరిపోవలెను. ఇరుసుల ఎత్తు సరిపోవలెను. తిరుగుడు వేగము సరిపోవలెను. వచ్చు కరెంటు మూడు ఫేజులదో, ఒంటి ఫేజుదో చూచుకొనవలెను. వీనిలో నేదేని తప్పినచో మోటారు మంచిదే, పంపు మంచిదే, నీరు మాత్రము రాదు.

కంప్యూటరును గూడ నట్లే మూడు అంతస్తులుగా తలంపవలెను. అడుగున యంత్రము: మదరుబోర్డు, ప్రాసెసరు, ర్యాము, డిస్కు. నడుమ ఆపరేటింగు సిస్టము. మన కార్యాలయములలో నిది సాధారణముగా విండోసు. పైన లెక్కల ప్రోగ్రాము, దానిలో మన చిట్టాలు, ఆవర్జాలు. నడిమి అంతస్తు క్రింది యంత్రపు ఒక్కొక్క భాగముతో మాటలాడుటకు డ్రైవరులను చిన్న ప్రోగ్రాములు కలవు. నడిమి అంతస్తును, పై అంతస్తును డిస్కులోనే నివసించుచున్నవి. కావున పాత పెట్టెలోని డిస్కును తీసి కొత్త పెట్టెలో పెట్టినచో చాలును గదాయని తోచును. కొన్ని వేళల చాలును గూడ. చాలనప్పుడు ఏమగునో యొక యుదాహరణము వలన తెలియగలదు.

ఒక సంఘములో జరిగినది

కొల్లేటి యొడ్డున మే మెఱిగిన సంఘమొకటి కలదు. పేరు చెప్ప నక్కఱలేదు. సార్వా ఋణములిచ్చు దినములలో నచ్చటి కంప్యూటరు మదరుబోర్డు చెడెను. మరమ్మతుదారు వచ్చి కొత్త బోర్డు వేసి, పాత డిస్కును తగిలించెను. తెఱ నీలముగా మాఱి, ప్రారంభపు డిస్కు అందుట లేదని యాంగ్లములో నొక పంక్తి కనబడెను; యంత్రము మరల మరల మొదటికి వచ్చుచుండెను. వరండాలో రైతులు కూర్చుండిరి. తొందరలో మరమ్మతుదారు డిస్కును తుడిచి, విండోసును కొత్తగా నెక్కించెను. యంత్రము చక్కగా పనిచేసెను. పద్దులు మాత్రము లేవు. పెన్‌డ్రైవులోని నకలు నాలుగు నెలల నాటిది.

ఆ నాలుగు నెలలలో దాళ్వా పంట అమ్మి బాకీ తీర్చినవారు తమ రసీదులు తెచ్చి చూపవలసివచ్చెను. కొందఱి రసీదులు తడిసి చదువ వీలులేకుండెను. గుమాస్తా కాగితపు చిట్టాను మానక వ్రాయుచుండుట చేత సంఘము పరువు దక్కెను. దానిని ముందుంచుకొని పదునొకండు దినములు కూర్చుండి పద్దులన్నియు మరల ఎక్కించిరి. ఆ పదునొకండు దినములును ఋణములు ఆగెను. నారుమళ్లు ఆగవు గదా! కొందఱు బయట వడ్డీకి తెచ్చుకొనిరి.

ఇందులో విచారింపవలసిన సంగతి యేమనగా, ఆ డిస్కునకు ఏమియు కాలేదు. కొత్త బోర్డు డిస్కుతో మాటలాడు పద్ధతి వేఱుగా నుంచబడినది, అంతియే. బోర్డు లోపలి అమరికలలో నొక్క గుఱుతు మార్చినచో పది నిమిషములలో పాత విండోసు తెఱచుకొనెడిది. నష్టమునకు కారణము బోర్డు కాదు, తుడిచిన చేయి. తుడుచుటకు ముందు నకలు తీయని తొందర.

ముందు యోచింపవలసినది: మార్చవలసిన భాగమేది?

యంత్రము నెమ్మదించినదని మొత్తము పెట్టెను పాఱవేయ నక్కఱలేదు. పాత యంత్రములలో మిక్కిలి మందముగా పనిచేయు భాగము, లోపల పళ్లెము తిరుగునట్టి హార్డుడిస్కు. దాని స్థానమున తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి. అను నిలువ సాధనమును వేసినచో, అదే యంత్రము అదే విండోసుతో మిక్కిలి చుఱుకుగా నడచును. నాలుగు జీబీల ర్యామును ఎనిమిది చేసినను మేలు కలుగును. ముప్పదిరెండు బిట్ల విండోసు మాత్రము నాలుగు జీబీలకు మించి వాడుకొనజాలదు గావున, అట్టి యంత్రమునకు ర్యాము కొనుటకు ముందు ఈ సంగతి చూచుకొనవలెను.

ర్యాము, డిస్కు, విద్యుత్తు పెట్టె, తెఱ: ఇవి మార్చినచో ఆపరేటింగు సిస్టమునకు సాధారణముగా నేమియు కాదు. మదరుబోర్డు మార్చినపుడును, పెట్టె మొత్తము మార్చినపుడును మాత్రమే ఈ పాఠములోని చిక్కులన్నియు వచ్చును.

ఇంకొక చిన్న సంగతి. బోర్డుమీద రూపాయి బిళ్లవంటి బ్యాటరీ యొకటి యుండును. అది చచ్చినచో గడియారము తప్పుటయే గాక, బోర్డు తన యమరికలను మఱచి మొదటి స్థితికి పోవును. అప్పుడు గూడ పై సంఘములో కనబడిన నీలపు తెఱయే కనబడవచ్చును. యంత్రమునకు వయసు మీఱినదని తీర్మానించుటకు ముందు ఈ స్వల్పపు వెల బ్యాటరీని మార్చి చూడుడు.

మొదటి షరతు: నకలు

స్పానరు పట్టుటకు ముందు నకలు తీయవలెను. నకళ్లు రెండు విధములు. ఒకటి, పద్దుల నకలు. అనగా లెక్కల ప్రోగ్రాములోని సమాచారమును మాత్రము వేఱు డిస్కులోనికి తీయుట. రెండవది, డిస్కు మొత్తము యొక్క ప్రతిబింబము. దీనిలో విండోసు, ప్రోగ్రాములు, పద్దులు, ఉత్తరములు సర్వమును ఉన్నవి ఉన్నట్లే వచ్చును. పాత సిస్టమును నిలుపుకొనగోరువారికి ఈ రెండును కావలెను. ప్రతిబింబమున్నచో, పని చెడినను సాయంకాలమునకు పాత స్థితికి రావచ్చును. పద్దుల నకలున్నచో, ప్రతిబింబము పనికిరాకున్నను ఖాతాలు దక్కును.

నకలు తీసితిమని యూరకుండరాదు. దానిని వేఱొక యంత్రమునందు తెఱచి, ఇద్దఱు ముగ్గురు సభ్యుల ఖాతాల నిలువలను కాగితముతో సరిచూడవలెను. తెఱచి చూడని నకలు, మొలక పరీక్ష చేయని విత్తనము వంటిది.

ఇంకను, నకళ్లలో నొకటి కార్యాలయము బయట నుండవలెను. 2024 సెప్టెంబరులో బుడమేటి వరద దిగి కొల్లేటి గ్రామములలో నీరు నిలుచుట మన మెఱుగుదుము. కార్యాలయపు బీరువాలో కంప్యూటరును, దాని నకలును ప్రక్క ప్రక్కన నుంచినచో, నీరు రెండింటిని ఒక్కసారే ముంచును. ఒక నకలు కార్యాలయమున, ఒకటి మెఱకనున్న పట్టణములోని బ్యాంకు లాకరు వంటి చోట ఉంచుట మంచిది. ఆ బయటి నకలునకు సంకేతపదముతో తాళము వేసి, సంకేతపదమును అధ్యక్షుడును, కార్యదర్శియు వేఱువేఱుగా వ్రాసి యుంచుకొనవలెను.

రెండవ షరతు: హక్కు

విండోసు కొనుట యనగా దానిని వాడుకొను హక్కును కొనుటయే. ఆ హక్కు రెండు రకములుగా మన సంఘములకు వచ్చుచుండును. యంత్రముతో కూడ తయారీదారు ఎక్కించి యిచ్చినది మొదటి రకము, దీనిని ఓ.ఈ.ఎం. లైసెన్సు అందురు. ఇది ఆ యంత్రముతోనే పుట్టి ఆ యంత్రముతోనే గిట్టును. వేఱొక పెట్టెకు మార్చుకొనుటకు హక్కు లేదు. బోర్డు చెడినపుడు తయారీదారు అట్టిదే వేఱొకటి వేసినచో హక్కు నిలుచును. మన యిష్టము చొప్పున కొత్తరకపు బోర్డు వేసినచో నిలువదు. అంగడిలో విడిగా కొన్నది రెండవ రకము. దీనిని రిటైలు లైసెన్సు అందురు. పాత యంత్రమునుండి తొలగించిన పిమ్మట కొత్త యంత్రమునందు దీనిని వాడుకొనవచ్చును.

మనది యే రకమో తెలిసికొనుటకు సులువైన మార్గము కలదు. విండోసునందలి ఆజ్ఞల కిటికీలో ఎస్, ఎల్, ఎం, జి, ఆర్ అను అక్షరములు వ్రాసి, ఒక ఖాళీ విడిచి, వాలుగీత నుంచి, డి, ఎల్, ఐ అను మూడక్షరములు వ్రాసినచో, లైసెన్సు రకము తెఱమీద కనబడును. యంత్రము బ్రదికియుండగనే దీనిని చూచి పుస్తకములో వ్రాసికొనవలెను.

విండోసు 10 మొదలుకొని ఈ హక్కును మైక్రోసాఫ్టు ఖాతాతో ముడివేసికొను వీలు కలదు. మదరుబోర్డు మారినపుడు విండోసు తన్ను తాను కొత్త యంత్రముపై నున్నట్లు భావించి, హక్కును చూపుమనును. ముందుగా ఖాతాతో ముడివేసియున్నచో, 'ఈ యంత్రపు భాగములను ఇటీవల మార్చితిని' అని చెప్పుకొని హక్కును మరల పొందవచ్చును. ఈ ఖాతా కార్యదర్శి స్వంత పేరున గాక సంఘము పేరున నుండుట యుక్తము. కార్యదర్శులు మారుదురు, సంఘము నిలుచును.

ఎవరో యిచ్చిన దొంగతాళముతో తెఱచిన విండోసు కొన్ని కార్యాలయములలో నుండుట రహస్యము కాదు. అట్టిదానిని కొత్త యంత్రమునకు మోయుట తగదు. అది న్యాయవిరుద్ధము, అంతేకాక ఆ తాళపు ప్రోగ్రాములతో దొంగలు లోనికి వచ్చుట గలదు. పదిమంది డబ్బు దాచుకొన్న యింటికి మాఱుతాళము పనికిరాదు.

మూడవ షరతు: పొందిక

ఇది మరమ్మతుదారు చేయవలసిన పనియే యైనను, పాలకవర్గము తెలిసికొనియుండుట అవసరము. తెలియనిచో ఆయన 'తుడిచి కొత్తగా నెక్కించుటయే మార్గము' అన్నప్పుడు ఎదురు ప్రశ్న వేయజాలము.

మొదటి చిక్కు: యంత్రము మేలుకొను పద్ధతి. పాత బోర్డులు బయోసు అను పాత పద్ధతిలో మేలుకొనును, కొత్తవి యు.ఇ.ఎఫ్.ఐ. అను పద్ధతిలో. డిస్కులోని భాగముల పట్టిక గూడ రెండు రకములు: పాతది ఎం.బి.ఆర్., కొత్తది జి.పి.టి. పాత రకపు డిస్కును కొత్త బోర్డునకు తగిలించినచో, ఆ బోర్డునందు పాత పద్ధతికి వీలుంచకపోయినయెడల, యంత్రమునకు డిస్కు కనబడినను మేలుకొనజాలదు. విండోసునందలి 'సిస్టము ఇన్ఫర్మేషన్' అను పుటలో 'బయోస్ మోడ్' అను పంక్తికి ఎదురుగా మనది పాతదో కొత్తదో వ్రాసియుండును. పాతదైనచో, 2017 నాటి విండోసు 10 నుండి దానితో కూడనే వచ్చుచున్న మార్పిడి సాధన మొకటి కలదు. అది పద్దులను చెఱపకయే పట్టికను పాతరకమునుండి కొత్తరకమునకు మార్చును. డిస్కులో మూడుకంటె నెక్కువ ముఖ్యభాగము లున్నచో నది పనిచేయదు. ఈ మార్పిడి జరుగునపుడు కరెంటు పోరాదు. కావున యు.పి.యస్. బ్యాటరీ నిలుచునో లేదో ముందే చూచుకొనవలెను.

రెండవ చిక్కు: బోర్డు డిస్కుతో మాటలాడు పద్ధతి. పైన చెప్పిన సంఘములో జరిగిన దిదియే. పాత యంత్రపు అమరికల పుటలో డిస్కు పద్ధతి ఐ.డి.ఇ. యో, ఏ.హెచ్.సి.ఐ. యో, రైడో చూచి వ్రాసికొని, కొత్త బోర్డునందును అదే యుంచవలెను. ఇంటెలు వారి పదునొకండవ తరము మొదలుకొని కొన్ని యంత్రములలో వి.ఎం.డి. అను నింకొక యమరిక యుండును. అది తెఱచియున్నంతవఱకు పాత విండోసునకు డిస్కు కనబడకపోవచ్చును. తెఱ నీలమైనప్పుడు మొదట చూడవలసిన దిది. డిస్కును తుడుచుట గాదు.

మూడవ చిక్కు: డ్రైవర్లు. విండోసు 10 ఈ విషయమున ఉదారమైనది. కొత్త బోర్డును చూచి కావలసిన డ్రైవర్లను చాలవఱకు తానే వెదకికొనును. అయితే ఇంటర్నెట్టు కార్డునకే డ్రైవరు లేనిచో వెదకుకొను దారియే యుండదు గావున, దానిని ముందుగానే పెన్‌డ్రైవులో దించి యుంచుకొనవలెను. విండోసు 7 అట్లు కాదు. కొత్త యంత్రముల యు.ఎస్.బి. రంధ్రములను అది గుర్తింపదు. కీబోర్డు, మౌసు సైతము పనిచేయక పోవచ్చును.

నాలుగవ చిక్కు: బిట్‌లాకరు అను తాళము. కొన్ని యంత్రములలో డిస్కు మొత్తము ఈ తాళములో నుండును. బోర్డు మారగనే అది 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను అడుగును. అది లేనిచో డిస్కు చేతిలో నున్నను పద్దులు దక్కవు. పని మొదలిడుటకు ముందే ఆ సంఖ్యను కాగితముపై వ్రాసికొని తాళమును తాత్కాలికముగా నిలుపవలెను.

డిస్కును ఎస్.ఎస్.డి. లోనికి ప్రతిబింబము తీసినవారికి ఒక హెచ్చరిక. పాత డిస్కును, దాని ప్రతిబింబమును ఒకే యంత్రమునకు తగిలించి మొదటిసారి మేలుకొలుపరాదు. రెండింటికిని గుర్తుసంఖ్య యొక్కటే యగుటచేత విండోసు తికమక చెందును. ముందు కొత్తదానితో మాత్రమే మేలుకొలిపి చూచి, పాతదానిని చీటి యంటించి బీరువాలో నుంచవలెను.

వెంటనుండు సామగ్రి

సిస్టము క్షేమముగా వచ్చినను, పైనున్న ప్రోగ్రాములు కొన్ని మొఱాయించును. ట్యాలీ వంటి లెక్కల ప్రోగ్రాముల లైసెన్సును పాత యంత్రమునందే 'సమర్పించి', పిమ్మట కొత్తదానియందు తెఱువవలెను. తాడేపల్లిగూడెము ఉల్లి వర్తకులకును, ట్యాలీ వాడు సంఘములకును ఈ నియమ మొక్కటియే. పాత యంత్రమును ముందే విప్పివేసినచో ఈ సమర్పణకు తావుండదు. వేలిముద్ర యంత్రమునకును, సంతకపు టోకెనునకును, అచ్చు యంత్రమునకును డ్రైవర్లు కావలెను.

తెలుగు వ్రాతల సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. మన కార్యాలయములలో తీర్మానములు, నోటీసులు చాలకాలము అను ఫాంట్లలో వ్రాయబడినవి. అవి యూనికోడు పద్ధతిలోనివి కావు. ఆ ఫాంటు లేని యంత్రమునందు తెఱచినచో తెలుగు తీర్మానము అర్థములేని గుర్తులుగా కనబడును. వ్రాత పోలేదు, అక్షరముల అచ్చు లేదు, అంతియే. సిస్టమును యథాతథముగా మోసినచో ఆ ఫాంట్లును వెంట వచ్చును. పాత సిస్టమును నిలుపుకొనుటలో నిదియొక లాభము. అయినను ముఖ్యమైన తీర్మానములను పి.డి.ఎఫ్. గా గూడ దాచినచో, ముందు ముందు ఏ యంత్రమునందైనను చదువవచ్చును.

పదునారు బిట్ల కాలపు పాత లెక్కల ప్రోగ్రాము లేవేని యున్నచో, అవి అరువదినాలుగు బిట్ల విండోసునందు నడువవు. అట్టివారు పాత సిస్టమును కొత్త యంత్రములో 'కల్పిత యంత్రము' అను నేర్పాటులో ఇంటర్నెట్టుతో సంబంధము లేకుండ నడుపుకొని, పాత సంవత్సరముల పద్దులను చూచుకొనవచ్చును.

నాలుగవ షరతు: పాత సిస్టమునకు ఆయువు

నిలుపుకొనగలము గదాయని ప్రతి పాత సిస్టమును నిలుపుకొనరాదు. దొంగలు కనుగొనిన కంతలను తయారీదారు నెలనెలకు పూడ్చుచున్నంతవఱకే ఆపరేటింగు సిస్టము క్షేమము. విండోసు 7 నకు ఈ పూడ్పు 2020 జనవరి 14తో ఆగినది. విండోసు 10 నకు 2025 అక్టోబరు 14తో ఆగినది. అటుపిమ్మట గృహయంత్రములకు 2026 అక్టోబరు 13 వఱకును, సంస్థలకు ఏటేట పెరుగు రుసుముపై గరిష్ఠముగా మూడు సంవత్సరములును అదనపు భద్రత యిత్తుమని మైక్రోసాఫ్టువారు ప్రకటించిరి. సంఘమనగా సంస్థయని మఱవరాదు.

2021 అక్టోబరులో వచ్చిన విండోసు 11 నకు యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతి, టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము, నాలుగు జీబీల ర్యాము, 64 జీబీల నిలువ, ఇంటెలునందు సాధారణముగా ఎనిమిదవ తరము గాని అంతకు పైబడిన ప్రాసెసరు గాని కావలెను. కావున కొత్త యంత్రమును కొనుచున్నవారు, నేడు విండోసు 10 నే మోసికొనిపోయినను, రేపు అదే స్థలమున విండోసు 11 గా పెంచుకొనుటకు వీలున్న యంత్రమునే కొనవలెను. అప్పుడు రెండు పనులు ఒకే దినమున మీద పడవు: ముందు యంత్రము మారును, అది కుదుటబడిన పిమ్మట సిస్టము పెరుగును. పాత యంత్రము పెరుగుదలకు తగనిదైనచో, లినక్సు అను ఉచిత సిస్టమును ఆలోచింపవచ్చును. దానికి లైసెన్సు వెల లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు దానితోనే నడచుచున్నవి. అయితే మన లెక్కల ప్రోగ్రాము, వేలిముద్ర యంత్రము దానిపై పనిచేయునో లేదో ముందే పరీక్షింపవలెను.

కొన్ని సంఘములవారు "మా పద్దులు ఇప్పుడు జాతీయ సాఫ్టువేరులోనే యున్నవి గదా" యందురు. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించిన మాట నిజమే. అట్టి సంఘములకు యంత్రము పద్దుల యిల్లు గాక, పద్దుల యింటికి తలుపు మాత్రమైనది. తలుపు మార్చుట సులువే. కాని పూర్వపు సంవత్సరముల లెక్కలు, మహాజనసభ తీర్మానములు, స్కాను చేసిన దస్తావేజులు ఆ స్థానిక డిస్కులోనే మిగిలియుండును. 1995 నాటి పరస్పర సహాయక సంఘముల చట్టము క్రింద నున్నవారును, కొల్లేటి మత్స్యకారుల సంఘములును తమ పద్దులు ఎక్కడ నున్నవో విచారించుకొనవలెను.

పని జేయు క్రమము

మొదట కాలమును నిర్ణయింపుడు. సార్వా ఋణములిచ్చు దినములు, దాళ్వా వసూళ్ల దినములు, ఆడిటు దినములు వలదు. పంటల నడుమ తెఱపి దొరకిన వారమున, శనివారము మధ్యాహ్నము మొదలిడుట మేలు.

తరువాత ఈ క్రమమును పాటింపుడు. 1. పద్దుల నకలును, డిస్కు ప్రతిబింబమును తీసి, తెఱచి చూచి, ఒకటి బయటికి పంపుట. 2. లైసెన్సు రకము, మేలుకొను పద్ధతి, డిస్కు పద్ధతి, బిట్‌లాకరు సంఖ్య: ఈ నాలుగింటిని కాగితముపై వ్రాసికొనుట. 3. ట్యాలీ వంటి లైసెన్సులను సమర్పించుట. 4. కావలసినచో డిస్కు పట్టికను మార్చుట. 5. ప్రతిబింబమైన కొత్త డిస్కును కొత్త యంత్రమునకు తగిలించి, డిస్కు పద్ధతిని సరిచేసి మేలుకొలుపుట. 6. డ్రైవర్లను, హక్కును, అచ్చును, వేలిముద్రను పరీక్షించుట. 7. పది ఖాతాల నిలువలను కాగితపు ఆవర్జాతో సరిచూచి, సరిచూచినవారు సంతకము చేయుట.

పాత డిస్కును మాత్రము తుడువరాదు, అమ్మరాదు, ఎవరికిని ఈయరాదు. వచ్చు ఆడిటు ముగియువఱకు నది బీరువాలో నుండవలెను. ఆడిటు ముగిసిన పిమ్మట తీర్మానము చేసి తుడిపింపవచ్చును. డబ్బాతో కూడ పాతసామాను వానికి అమ్మినచో సభ్యుల ఆధారు సంఖ్యలు, భూముల వివరములు వీధిలో పడును.

కాగితపు చిట్టాను మానరాదని గూడ చెప్పుచున్నాము. మే మెఱిగిన సంఘమును కాపాడినది యంత్రము కాదు, గుమాస్తా కలము.

సభ్యులు మహాజనసభలో అడుగదగిన ప్రశ్నలు

1. సంఘపు పద్దుల నకలు కడపట ఏ తేదీన తీయబడినది? దానిని తెఱచి చూచినవారెవరు?
2. కార్యాలయము బయట నున్న నకలు ఎక్కడ నున్నది?
3. మన విండోసు ఏ సంఖ్యది? దానికి భద్రత పూడ్పులు వచ్చుచున్నవా?
4. యంత్రమును మార్చినచో, డిస్కును తుడుచుటకు అనుమతి ఎవరిది? వ్రాతమూలకముగా నుండునా?
5. పాత డిస్కు ఇప్పుడు ఎవరి యధీనమున నున్నది?

ఈ ప్రశ్నలు అడుగుటకు కంప్యూటరు విద్య అక్కఱలేదు. 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి వచ్చెను. జిల్లా మారినది, కచేరీ మారినది. గట్టు కదలలేదు, చేను కదలలేదు, హక్కుదారు మారలేదు. సంఘపు యంత్రము మారునప్పుడు గూడ సభ్యుని ఖాతా అట్లే కదలక నిలువవలెను. మరమ్మతుదారు స్పానరు తీయుటకు ముందు 'నకలు చూపుము' అని యొక్క సభ్యుడు అడిగినచో చాలును. ఆ సంఘమునకు పదునొకండు దినముల యాపద రాదు.